మండాయ్ కొత్త పక్షుల పార్కు: గంటన్నర చాలంటే నమ్మకండి

సింగపూర్‌లో పక్షుల పార్కుకి గంటన్నర చాలని మా ట్రావెల్ ఏజెంటు చెప్పాడు. మండాయ్ అనే చోట బర్డ్ ప్యారడైజ్ (ఇదే ఆ పక్షుల పార్కు), జూ, నైట్ సఫారీ, మూడూ ఒకే రోజు. వ్యాన్, గైడు, ఇండియన్ లంచ్ కలిపి మనిషికి 19,500 రూపాయలు, మా చిన్నోడికి 16,000. మా ఆయన, నేను, మామగారు, పిల్లాడు కలిపి 74,500. అతని పేరు రాయను గానీ, ఆ లెక్క గుర్తొస్తే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఎనిమిదిన్నరకి రావాల్సిన వ్యాను పదింబావుకి వచ్చింది. ఇంకో రెండు హోటళ్ళ ముందు ఆగి, మమ్మల్ని పార్కు గేటు దగ్గర దింపేసరికి పదకొండున్నర. "ఒంటిగంటకి ఇక్కడే ఉండాలి మేడమ్, లేకపోతే లంచ్ పోతుంది" అన్నాడు గైడు. లోపల చూస్తే 17 హెక్టార్లు, అంటే మన లెక్కలో 42 ఎకరాలు! దాదాపు 400 జాతులు, 3,500 పక్షులు. మనం లోపలికి నడిచి వెళ్ళే భారీ వలల పందిళ్ళే ఎనిమిది. ఉరుకులు పరుగులతో నాలుగు దాటాం. నాకు గుర్తున్నదల్లా ముందు నడుస్తున్నవాళ్ళ వీపులు.

మామగారిది ఇంకో గొడవ. ఆయన ఉద్యోగంలో ఉండగా స్నేహితులతో వచ్చి జురాంగ్‌లో ఉన్న పాత పక్షుల పార్కు చూశారు. అది 1971 జనవరి 3న తెరిచింది. 2023లో సరిగ్గా అదే తేదీన మూసేసి, పక్షుల్ని ఇక్కడికి తరలించి, ఆ మే 8 నుంచి జనాన్ని రానిచ్చారు. "అక్కడ పెద్ద జలపాతం ఉండేది, పిట్టలు ఎదురుగా కూర్చునేవి. ఇక్కడ టికెట్ పెట్టి చెట్లు చూపిస్తున్నారు" అని దారంతా గొణుగుడు. మా ఆయనేమో ఫోన్‌లో టైము చూడటం, నాకేసి చూడటం.

లంచ్ సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది. పార్కులోనే తినొచ్చు కదా అంటే, "ప్యాకేజీలో లేదు" అని వ్యాన్‌లో ముప్పావుగంట వెనక్కి తీసుకెళ్ళాడు. అదొక హాలు, అప్పటికే నాలుగు బస్సుల జనం. పూరీలు చల్లారి తోలులా సాగుతున్నాయి, పప్పులో ఉప్పు లేదు. పెరుగు అడిగితే ఎక్స్‌ట్రా, చిన్న కప్పు మూడు డాలర్లు. పెరుగన్నం లేకపోతే భోజనం చేసినట్టే అనిపించని మామగారి మొహం చూడలేక రెండు కప్పులు కొన్నాం. మళ్ళీ ముప్పావుగంట ప్రయాణం. ఆ తర్వాత జూలో ఏం చూశామో అడక్కండి. రాత్రి నైట్ సఫారీకి మామగారి మోకాళ్ళు ఒప్పుకోలేదు, అందరం హోటల్‌కి వచ్చి పడుకున్నాం.

మర్నాడు గార్డెన్స్ బై ద బే ప్రోగ్రాం రద్దు చేసుకుని, సొంత డబ్బుతో బర్డ్ ప్యారడైజ్‌కే మళ్ళీ వెళ్ళాం. మా ఆయన ముందు "పిచ్చా నీకు?" అన్నారు. ఎర్ర లైను మెట్రోలో ఖాతిబ్ స్టేషన్‌కి, అక్కడి నుంచి పార్కు షటిల్ బస్సు. వ్యాను అక్కరే లేదు. గేటు తెరవగానే లోపలున్నాం.

ఆఫ్రికా అడవిలా పెంచిన అన్నిటికన్నా పెద్ద పందిరిలో మామగారిని బెంచీ మీద కూర్చోబెట్టి, ఎవరూ ఎక్కడికీ కదలొద్దని చెప్పాను. పది నిమిషాలు ఏమీ లేదు. తర్వాత ఆకుల్లోంచి ఒక పచ్చటి పక్షి వచ్చింది, పేరు టురాకో. ఎగరదేం, కొమ్మ మీద ఉడతలాగా పరుగెత్తింది! చివరికెళ్ళి రెక్క విప్పితే లోపలంతా ఎరుపు. ఆ ఎరుపు రాగి కలిసిన రంగట. మామగారు గొణగడం మానేసి, పిల్లాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని, అది ఎటు పోయిందో చూపుడువేలితో చూపించడం మొదలుపెట్టారు.

జురాంగ్‌కీ దీనికీ తేడా నాకు అక్కడే తెలిసింది. పక్షికి దాక్కునే చోటు ఇచ్చారు. అది బయటికి రావాలనుకున్నప్పుడు మనం అక్కడ ఉండాలి. దారులు కూడా నేల మీదా, కొమ్మల ఎత్తులోనూ వేశారు కాబట్టి పైన తిరిగే పిట్టల్ని మెడ నొప్పి లేకుండా చూడొచ్చు. ఇలాంటి చోటుని గంటన్నరలో అమ్మడం మోసం కాక మరేంటి?

పెంగ్విన్ల హాల్లో చలి. స్వెటర్ తీసుకెళ్ళండి. దక్షిణార్ధగోళంలో పగలూ రాత్రీ ఎలా మారతాయో అలాగే లైట్లు మారుస్తారు, ఆ పక్షులకి గుడ్లు పెట్టే కాలం తెలియాలని. ఫ్లెమింగోల దగ్గర మళ్ళీ మామగారిదే హవా: "మన పులికాట్‌కి వచ్చేవి తెల్లగా ఉంటాయి, ఇవి వేరే రకం" అన్నారు. నిజమే, ఇవి అమెరికా ఖండపువి, బాగా ఎరుపు. లోరీ చిలకలకి మకరందం తాగించే చోట మా వాడు కదల్లేదు. నాలుగు గోళ్ళ గుర్తులు చేతి మీద ఇంటిదాకా తెచ్చుకున్నాడు.

బయటికొచ్చాక రోడ్డు మీదుగా పోయే వంతెనని తప్పకుండా గమనించండి. దాని మీద చెట్లుంటాయి, మనుషులకి కాదు. పార్కులు కట్టేటప్పుడు రోడ్డుకి రెండు వైపులా ఉన్న అడవి విడిపోకుండా, అడవి జంతువులు దాటడానికి 2019లో కట్టేశారు, అంటే పక్షుల పార్కు తెరవకముందే. మొదటిరోజు గైడు దాని కిందుగా మమ్మల్ని రెండుసార్లు తీసుకెళ్ళాడు, ఒక్క ముక్క చెప్పలేదు.

ముసలివాళ్ళూ పిల్లలూ ఉంటే రోజుకి ఒక్క పార్కే పెట్టుకోండి. పక్షులకి పొద్దున, నైట్ సఫారీకి వేరే సాయంత్రం. ఒకటికి మించి చూస్తే పార్క్‌హాపర్ అని కాంబో టికెట్లున్నాయి, అవి పార్కు వెబ్‌సైట్‌లోనే కొనండి. వాడని నైట్ సఫారీ టికెట్ల డబ్బు అడిగితే మా ఏజెంటు "నో రిఫండ్ మేడమ్" అన్నాడు. మూడుసార్లు ఫోన్ చేశాక, వచ్చే ట్రిప్‌లో రెండు వేలు తగ్గిస్తానంటున్నాడు.