పాదువాలోని స్క్రొవేన్యి ప్రార్థనాలయం: పావుగంట చాలుతుందా?

బెంగళూరు నుంచి ఇటలీకి వెళ్ళే మన తెలుగు కుటుంబాల ప్రయాణాల్లో వెనిస్ తప్పక ఉంటుంది కాని, అక్కడి నుంచి రైలులో అరగంట దూరమే ఉన్న పాదువా చాలామందికి తట్టదు. అక్కడి స్క్రొవేన్యి ప్రార్థనాలయం లోపల ఉండనిచ్చేది పావుగంటే కావడంతో, మా ప్రయాణం చూసిన ట్రావెల్స్ వారు కూడా "పావుగంట చూడడానికి ఒక పూట ఎందుకండీ" అన్నారు. ఆ పావుగంట కోసం పూట కాదు, రోజంతా కేటాయించినా తగునని నా అభిప్రాయం.

స్క్రొవేన్యి ప్రార్థనాలయంలోకి విడతకు 25 మందినే పంపుతారు. ముందుగా గాజుగదిలో పావుగంట కూర్చోబెట్టి, మనతో వచ్చిన తేమ, దుమ్ము తగ్గాకే లోపలి తలుపు తెరుస్తారు. ఈ జాగ్రత్త అవసరమే. ఇటలీ చిత్రకారుడు జొట్టో 1305 నాటికి ముగించిన ఇక్కడి గోడచిత్రాలలో చాలా రంగులు తడి సున్నపు పూత మీద వేసినవి గనుక గోడలో కలిసిపోయి నిలిచాయి. నీలాన్ని మాత్రం ఆరిన పూత మీద అద్దడం వల్ల అది పలుచోట్ల రాలిపోయింది. మరియమాత వస్త్రాల్లో ఆ నష్టం బాగా తెలుస్తుంది.

ఉన్న సమయాన్ని అన్ని చిత్రాలకూ పంచకుండా, శిష్యుడు యూదా యేసును ముద్దు పెట్టుకొని శత్రువులకు పట్టించే ఘట్టం ముందు ఎక్కువసేపు నిలబడండి. యూదా పసుపుపచ్చని పైవస్త్రం యేసును దాదాపుగా కప్పేస్తుంది. చుట్టూ కాగడాలు, బల్లేలు, శిరస్త్రాణాలు కిక్కిరిసి ఉన్నా, ఆ రెండు ముఖాలు మాత్రం చలించకుండా ఒకదాని కళ్ళలోకి ఒకటి చూస్తుంటాయి. బయటకు వచ్చేముందు తలుపు పైనున్న తుది తీర్పు చిత్రాన్ని తప్పక చూడాలి. అందులో ఈ ఆలయాన్ని కట్టించిన ఎన్రికో స్క్రొవేన్యి, వడ్డీ వ్యాపారి కొడుకు, మోకరిల్లి ఆలయం నమూనాను సమర్పిస్తుంటాడు. లేపాక్షి కప్పు మీద పరివారంతో కనిపించే విరూపణ్ణ, వీరణ్ణలను చూసినవారికి ఈ దాత కొత్తవాడనిపించడు.

అదే టికెట్టు మీద పక్కనున్న ఎరెమితాని మ్యూజియం కూడా చూడవచ్చు. ఒకప్పుడు ఈ ప్రార్థనాలయంలోనే ఉన్న జొట్టో శిలువ ఇప్పుడక్కడ ఉంది. దానికోసమైనా లోపలికి వెళ్ళాలి.

పాదువా విశ్వవిద్యాలయపు 'పలాజ్జో బో' భవనంలో 1595 నాటి శరీరశాస్త్ర ప్రదర్శనశాల ఉంది. విద్యార్థులు నిలబడి శవపరీక్ష చూసిన ఆరు వరుసల చెక్క కట్టడాన్ని కింది నుంచి తలెత్తి చూస్తే, అక్కడ ఎంత ఇరుకుగా నిలబడేవారో ఊహకు అందుతుంది. గెలీలియో 1592 నుంచి 1610 వరకు ఈ విశ్వవిద్యాలయంలోనే బోధించాడు. 1545లో మొదలైన వృక్షోద్యానం లాల్‌బాగ్‌తో పోలిస్తే చాలా చిన్నది, అయినా ఓపిక ఉంటే వెళ్ళవచ్చు.

ప్రార్థనాలయానికి ముందస్తు బుకింగ్ తప్పనిసరి కాబట్టి, ఆ సమయం ఖాయమైన తరువాతే వెనిస్‌లో హోటలు, రైలు టికెట్లు చూసుకోవడం మేలు.