"షో బోట్" రికార్డింగులు: క్వీనీ అడిగిన ఒక్క ప్రశ్న

"షో బోట్" అనే అమెరికన్ సంగీత నాటకంలోని "కాంట్ హెల్ప్ లవిన్ దట్ మ్యాన్" పాటని నాలుగేళ్ళపాటు మంచి ప్రేమపాట అనుకునే విన్నాను. వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ, ఆఫీసుకి వెళ్ళే ట్రైన్లో, ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఆ పాట పాడటం వల్ల ఒక మనిషి దాచుకున్న రహస్యం బయటపడబోతోందని నా దగ్గరున్న ఏ ఆల్బమూ చెప్పలేదు. నా కోపమంతా దాని గురించే.

"షో బోట్" 1927లో న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వేలో మొదలైంది. సంగీతం జెరోమ్ కెర్న్, మాటలూ పాటలూ ఆస్కార్ హామర్‌స్టైన్. మన సురభి వాళ్ళలాగా నాటకాలాడుతూ ఊరూరా తిరిగే బృందం కథే, కాకపోతే వీళ్ళు మిసిసిపి నది మీద పడవలో తిరుగుతారు. దాని ఆల్బములు నా దగ్గర ముఖ్యంగా మూడున్నాయి: 1966 లింకన్ సెంటర్ వాళ్ళది, 1993 టొరొంటో వాళ్ళది, జాన్ మెక్‌గ్లిన్ సంగీతం నడిపించిన 1988 నాటి మూడు సీడీల పెట్టె. ఇవి కాక పాల్ రోబ్సన్, హెలెన్ మోర్గన్ పాడిన పాత పాటలు కొన్ని. 1946 ఆల్బమ్ మాత్రం లైబ్రరీ నుంచి తెచ్చుకుని విని ఇచ్చేశాను. కెర్న్ రాసిన చివరి పాట "నోబడీ ఎల్స్ బట్ మీ" అందులో ఉంది, దానికోసమైతే వినండి.

మొదట కొన్నది 1966ది. బార్బరా కుక్ గొంతు కోసం ఇప్పటికీ అది తీస్తాను. మాగ్నోలియా అనే అమ్మాయి పద్దెనిమిదేళ్ళ పిల్ల, పడవ మీదే పెరిగింది, లోకం తెలియదు. బార్బరా కుక్ పాడితే ఆ పిల్ల కనబడుతుంది. విలియమ్ వార్‌ఫీల్డ్ "ఓల్ మ్యాన్ రివర్" పాడాక ఇంక వేరే ఎవరి గొంతూ అక్కర్లేదనిపించింది అప్పట్లో. ఈ ఆల్బమ్ ఒక్కటి చాలని ఇద్దరు ముగ్గురు స్నేహితులకి గట్టిగా చెప్పాను కూడా.

తర్వాత ఒక పాత సామాన్ల దుకాణంలో 1988 పెట్టె దొరికింది. మొత్తం మూడున్నర గంటల పైచిలుకు. రెండు నెలలు అల్మారాలోనే ఉండిపోయింది, అంతసేపు కూర్చుని వినే తీరిక నాకెక్కడిది. చివరికి సీడీలు ఫోన్లోకి ఎక్కించుకుని ఒక చలికాలం సాయంత్రం ఇంటికొచ్చే ట్రైన్లో పెట్టాను. నిలబడే ఉన్నాను, సీటు దొరకలేదు. పడవలోని వంటింటి సీను వచ్చింది. జూలీ ఆ బృందంలో పెద్ద నటి, మాగ్నోలియాకి అక్కలాంటిది. నాకు అక్షరం అక్షరం తెలిసిన ఆ పాటే అందుకుంది. అంతలో వంటమనిషి క్వీనీ అడ్డుపడి, ఈ పాట మా నల్లవాళ్ళు పాడుకోగా తప్ప ఇంకెవరి నోటా వినలేదే, మీకెలా వచ్చు, అని అడుగుతుంది. వెనక వాయిద్యాలు ఆగవు. ఆ మాటల కింద మెల్లిగా నడుస్తూనే ఉంటాయి. అడగటంలో అనుమానమేమీ లేదు, మామూలుగా వంటింట్లో అడిగినట్టే అడుగుతుంది.

ట్రైన్లో నిలబడి ఆ ముక్కని మూడుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. జూలీ తల్లి నల్లజాతి మనిషి. ఆ సంగతి దాచుకుని తెల్లమనిషిగా బతుకుతోంది, తెల్లవాడిని పెళ్ళి చేసుకుంది. మిసిసిపి రాష్ట్రంలో అప్పుడది నేరం. కాసేపటికి షెరీఫ్ రానే వస్తాడు. వాడు వచ్చేలోపే ఆమె భర్త ఆమె చెయ్యి కోసి ఆ రక్తం నోట్లోకి తీసుకుంటాడు, నా ఒంట్లో కూడా నల్లరక్తం ఉందని ప్రమాణం చెయ్యడానికి. జైలు తప్పుతుంది గానీ ఇద్దరూ పడవ దిగి వెళ్ళిపోవాలి. ఇంత జరగబోతోందనడానికి మొదటి గుర్తు ఆ పాటే. జూలీ చిన్నప్పుడు ఎవరి ఒళ్ళో విని నేర్చుకుందో ఆ పాట చెప్పేసింది. నేనేమో నాలుగేళ్ళు దానికి ఉల్లిపాయలు తరిగాను.

1966ది లాగా ఒక్క ఎల్‌పీ రికార్డులో సర్దాలంటే పాటల మధ్య మాటలు తీసేయక తప్పదు, ఆ ఇబ్బంది నాకు తెలుసు. మన పద్యనాటకాల రికార్డులూ అంతేగా, మూడు నిమిషాల ప్లేటు మీద పద్యం మాత్రమే పట్టేది. కానీ హరిశ్చంద్రుడి కాటిసీను పద్యం వింటే ముందేం జరిగిందో మనకి ఎవరూ చెప్పనక్కర్లేదు, కథ ఇంట్లోనే తెలుసు. ఇక్కడ నాకు కథ తెలియదు. నాలుగు వాక్యాలు, అర నిమిషం కూడా పట్టదు, వాటికి చోటు చెయ్యాల్సింది.

ఇంకొకటి, మొదటి రోజుల్లోనే నాటకం నుంచి తీసేసిన "మిజరీస్ కమింగ్ అరౌండ్" అనే పాట ఈ పెట్టెలో పూర్తిగా ఉంది. తీసేసినా దాని బాణీని కెర్న్ ఓవర్చర్‌లో, అంటే తెర లేవకముందు వాయించే సంగీతంలో, ఉంచేశాడు. వంటింటి సీను తర్వాత, షెరీఫ్ రాకముందు, క్వీనీ వాళ్ళు దాన్ని మొదలుపెడతారు, జూలీ కూడా గొంతు కలుపుతుంది. చెడు ఏదో రాబోతోందని మనుషులకి ముందే తెలిసినట్టు ఉంటుంది. దాని తర్వాత ఆ సీను వింటే కడుపులో తిప్పేస్తుంది. చివర్లో తొంభై ఏళ్ళు దాటిన లిలియన్ గిష్, మూకీ సినిమాల నాటి నటి, ఒడ్డున నిలబడ్డ ముసలావిడగా రెండు మాటలు మాట్లాడుతుంది, అది కూడా వదలకండి.

న్యూజెర్సీలో నేను రోజూ దాటే సెకాకస్‌లోనే, 1982లో వార్నర్ బ్రదర్స్ కంపెనీ వాళ్ళ గోడౌన్లో పాత స్వరలిపి కాగితాల పెట్టెలు బయటపడ్డాయని, వాటిలో కెర్న్ కాగితాలు కూడా ఉన్నాయని తర్వాత చదివాను. ఎడిసన్ నుంచి న్యూయార్క్ వెళ్ళే తెలుగువాళ్ళం ఎంతమందిమి ఆ స్టేషన్ మీదుగా పోతుంటాం. ఇప్పుడు ట్రైన్ అక్కడ ఆగితే ఒకసారి కిటికీలోంచి చూస్తాను, కనబడేవి గోడౌన్లూ రోడ్లే అయినా సరే.

అన్నీ బాగున్నాయని కాదు. ఈ పెట్టెలో మొదటి బృందగానం మొదటి మాటే నల్లవాళ్ళని తిట్టే ఆ మాట. 1927లో అలాగే రాశారు, 1936 సినిమాకి ఒకసారి మార్చారు, 1946లో మళ్ళీ మార్చారు. మెక్‌గ్లిన్ రాసింది రాసినట్టు ఉంచాడు. ముందు అనుకున్న నల్లజాతి గాయకులు ఆ మాట పాడబోమని తప్పుకుంటే ఆంబ్రోసియన్ కోరస్ అనే ఇంగ్లండు బృందం వాళ్ళ చోట పాడింది. అది తెలిశాక ఆ కోరస్ నాకు మునుపటిలా వినబడటం లేదు. చాలా శుద్ధంగా ఉంటుంది, బస్తాలు మోసి అలసిన గొంతుల్లా ఉండదు. ఒకరోజు కారులో పెట్టాను, వెనక సీట్లో మా అమ్మాయి, అప్పుడు పదేళ్ళు. ఆ మాట రాగానే "అమ్మా, వాళ్ళేమన్నారు?" అంది. ఆపేశాను. ఇంటికెళ్ళాక కూర్చోబెట్టి చెప్పగలిగినంత చెప్పాను. అప్పటినుంచి కారులో 1966దే.

1988 పెట్టెలో మాగ్నోలియాగా పాడిన ఫ్రెడరికా వాన్ స్టాడ్, ఆమె జోడీగా పాడిన జెర్రీ హ్యాడ్లీ ఇద్దరూ ఆపెరా గాయకులు. "మేక్ బిలీవ్" గొప్పగా పాడతారు గానీ ఆ పడవపిల్ల కనబడదు నాకు. జూలీగా తెరెసా స్ట్రాటాస్ మాత్రం వంటింటి సీనులో గుండె పట్టేస్తుంది. "బిల్" అనే పాటకి (ఉడ్‌హౌస్ రాశాడు, జీవ్స్ కథల ఉడ్‌హౌసే) మళ్ళీ హెలెన్ మోర్గన్ పాత రికార్డుకే పోతాను. చిన్న గొంతు, ఎక్కడ తెగిపోతుందో అన్నట్టు పాడుతుంది. 1993లో లోనెట్ మెకీ జూలీ. బ్రాడ్‌వేలో ఆ పాత్ర వేసిన మొదటి నల్లజాతి నటి ఆవిడే, 1983లో. ఆ గొంతూ, 1988 నాటి మాటలూ ఒకచోట ఉంటే ఎంత బాగుండేది. ఆ 1993 ఆల్బమ్‌లోనే "వై డూ ఐ లవ్ యూ" పాటని ఎలేన్ స్ట్రిచ్ చేత పసిబిడ్డకి జోలపాటలా పాడించారు. అది నాకు చాలా ఇష్టం.

రోబ్సన్ సంగతి వేరు. 1928లో లండన్లో "ఓల్ మ్యాన్ రివర్" పాడే జో పాత్ర వేశాడు, తర్వాత కచేరీల్లో ఆ పాట మాటలే మార్చేశాడు. బతుకంటే విసుగు, చావంటే భయం అన్న చోట, చచ్చేదాకా పోరాడుతూనే ఉంటాను అని పాడాడు. అస్సాం గాయకుడు భూపేన్ హజారికా గంగ పాటకి మూలం రోబ్సన్ పాడిన ఈ పాటే. నాకు ఆ పల్లవి వింటే మోహన రాగం ఛాయ తగులుతుంది, మా రాజమండ్రి రేవు గుర్తొస్తుంది. కథతో పని లేకుండా ఒక్క పాట చాలనుకునే రోజు రోబ్సన్నే పెట్టుకుంటాను. కాబట్టి మాటలుంటేనే పాట అని నేను పైన అన్నది అన్ని పాటలకీ వర్తించదు.

ఫోన్లో వినేవాళ్ళు ఒకటి గమనించండి. నేను వాడిన యాప్ ఒక ట్రాక్‌కీ ఇంకో ట్రాక్‌కీ మధ్య అర సెకను ఆపేది. మామూలు ఆల్బమ్‌కైతే ఏం కాదు, ఇక్కడ మాటల కింద వాయిద్యాలు ఆగకుండా నడుస్తుంటే మధ్యలో తెగిపోయేది. సెట్టింగ్ మార్చాక సరిపోయింది. ట్రైన్లో ఇంకో బాధ, మాటలు మెల్లిగా ఉంటాయి, సౌండు పెంచితే కోరస్ వచ్చి చెవులు పగిలిపోతాయి.

నాకు రోజూ రానూ పోనూ దాదాపు రెండు గంటల ప్రయాణం, ఒంటరిగా, హెడ్‌ఫోన్లతో. అందుకే 1988ది నాకు కుదిరింది. ఇంట్లో పనుల మధ్య వినేవాళ్ళయితే, పిల్లలు చుట్టూ ఉంటే, 1966దే కొనుక్కోండి. వంటింటి సీను కథ మాత్రం ముందు ఎక్కడైనా చదివి వినండి. పాత పెట్టె కొనేవాళ్ళు మూడో సీడీని వెలుతురుకి పట్టి చూసుకోండి. నాటకం నుంచి తీసేసిన పాటలు మరికొన్ని దాని మీదే ఉన్నాయి. నా సీడీ మీద గీత పడి అక్కడికి రాగానే ఆగిపోయేది. అమ్మినవాళ్ళు డబ్బు వెనక్కిచ్చారు గానీ, ఆ పాటలు వినడానికి ఇంకో పెట్టె దొరికేదాకా ఏడాది ఆగాల్సొచ్చింది.