సైడ్ మిర్రర్‌లో పరుగెత్తే ఇండికేటర్లు: కొనేముందు కారు వెనక్కి వెళ్లి చూడండి

సైడ్ మిర్రర్‌లో కంపెనీ ఇచ్చిన ఇండికేటర్ తీసేసి, వెలుగు లోపలి నుంచి బయటి అంచుకు పరుగెత్తే ఎల్‌ఈడీ సెట్ బిగించుకుని చాలా నెలలైంది. ఎండలూ చూసింది, వానలూ చూసింది. ముందే చెప్పేస్తున్నా, నాకు బాగా నచ్చింది, మళ్లీ పాతది పెట్టే ఉద్దేశం లేదు. అయితే అమ్మేవాళ్లు చూపించే ఫొటోలు, వీడియోలు దాదాపు అన్నీ కారుకు ఎదురుగా నిలబడి చీకట్లో తీసినవే, వాటిని చూసి మాత్రం కొనకండి. అద్దంలో ఇండికేటర్ పెట్టిందే పక్క లేన్‌లో, మనకన్నా కాస్త వెనకగా వచ్చేవాళ్ల కోసం. మన వెనక డోర్ పక్కన బైక్ మీద ఉన్న మనిషికి, పట్టపగలు, మనం తిరగబోతున్నామని అది చెప్పగలుగుతోందా? నేను దీన్ని ఆ ఒక్క ప్రశ్నతోనే చూశాను.

ఈ పరుగెత్తే లైటు ఇప్పుడు పుట్టింది కాదు. 1965లోనే ఫోర్డ్ థండర్‌బర్డ్ వెనక ఇండికేటర్లు ఒకదాని తర్వాత ఒకటి వెలిగేవి, అప్పట్లో కార్లలో ఇలాంటి పనికి చిప్‌లు వాడేవాళ్లు కాదు కాబట్టి ఒక చిన్న మోటార్ క్యామ్‌లను, అంటే అంచున గుబ్బలున్న చక్రాలను, తిప్పుతుంటే అవి స్విచ్‌లను వరసగా నొక్కేవి. ఎల్‌ఈడీలతో దీన్ని మళ్లీ ఫ్యాషన్‌లోకి తెచ్చింది ఆడి, 2012లో మార్పులు చేసిన ఆర్8తో. ఇండికేటర్‌ను అద్దంలోకి ఎక్కించడం 1998 మెర్సిడెస్ ఎస్ క్లాస్‌తో బాగా పేరు తెచ్చుకుంది. ఇప్పుడు మార్కెట్లో దొరికే సెట్లు ఈ రెండింటినీ కలిపినవి, అంతే.

ఇక అసలు విషయం, పరుగు వేగం. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే కొనేవాళ్లలో చాలామంది దీన్ని చూడనే చూడరు. ఇండికేటర్ నిమిషానికి 60 నుంచి 120 సార్లు మెరవాలన్నది ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో ఉన్న హద్దు, అమెరికాలో కూడా అంతే. మధ్యలో 90 అనుకుందాం. అంటే ఒకసారి వెలిగి ఆరడానికి దాదాపు 0.67 సెకను, అందులో ఇంచుమించు సగం వెలుగు, సగం చీకటి. కారు ఆ లైటుకు కరెంటు ఇచ్చేది సుమారు 0.33 సెకను మాత్రమే. ఆ కాసేపట్లోనే మొదటి ఎల్‌ఈడీ నుంచి చివరి ఎల్‌ఈడీ దాకా వెలగాలి, వెలిగాక అవతలివాళ్ల కంటికి ఆనేంతసేపు నిండుగా ఉండాలి. పరుగు నెమ్మదిగా ఉంటే చివరి ఎల్‌ఈడీ వెలిగీ వెలగగానే కరెంటు పోతుంది. రోడ్డు మీద ఉన్నవాళ్లకు ఎక్కువసేపు కనిపించేది సగం గీతే, అదీ కారు బాడీ వైపు ఉన్న సగం.

ముందు, వెనక ఇండికేటర్లను ఇలా వరసగా వెలిగించడానికి ఐక్యరాజ్యసమితి నిబంధన పెట్టిన షరతులు చూస్తే ఎంత ఆలోచించి రాశారో అర్థమవుతుంది. వెలుగు లోపలి వైపు నుంచి బయటి వైపుకే పోవాలి, వెలిగిన ఎల్‌ఈడీ ఆ విడత అయ్యేదాకా ఆరకూడదు, మొత్తం గీత 200 మిల్లీసెకన్లలోపు నిండిపోవాలి. అద్దం లైటు కొనేటప్పుడు కూడా నేను ఇవే కొలతలు పట్టుకున్నాను. నా సెట్ చకచకా నిండుతుంది, నిండాక కాసేపు నిలబడి ఆరుతుంది. మా తమ్ముడి కారుకు వేరే సెట్ ఉంది, అందులో వెలుగు తీరిగ్గా పాకుతూ పోతుంది. పార్కింగ్‌లో ఆపి పక్క నుంచి చూస్తే వాడిదే అందంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ స్టీరింగ్ పక్కన ఉండే కాడను ఒక్కసారి తట్టి వదిలితే మూడుసార్లు మెరిసే కార్లలో, ఆ మూడు మెరుపులూ అయిపోయేదాకా ఒక్కసారీ గీత నిండుగా నిలబడలేదు. ఇంకో రకం కూడా అమ్ముతున్నారు, ఒక చుక్క ముందుకు పరుగెడుతుంటే దాని వెనకవి ఆరిపోతూ ఉంటాయి. ఏ క్షణంలో చూసినా వెలుగుతున్నవి ఒకటో రెండో. ఆ రకం మాత్రం ఎవరు ఊరికే ఇచ్చినా పెట్టుకోవద్దు.

వేగం కనిపెట్టడానికి ప్రత్యేకమైన పరికరం ఏమీ అక్కర్లేదు. ఫోన్‌లో స్లో మోషన్ వీడియో సెకనుకు 240 ఫ్రేమ్‌ల దగ్గర పెట్టి తీయండి, ఒక్కో ఫ్రేమ్ నాలుగు మిల్లీసెకన్ల పైచిలుకు. మొదటి ఎల్‌ఈడీ వెలిగిన ఫ్రేమ్ నుంచి చివరిది వెలిగిన ఫ్రేమ్ దాకా లెక్కపెట్టండి. 48 ఫ్రేమ్‌లు దాటకపోతే అది 200 మిల్లీసెకన్లలోపే ఉన్నట్టు. షాపులో బ్యాటరీకి కలిపి చూపిస్తే అక్కడే తీయొచ్చు. ఆన్‌లైన్‌లో కొంటే పార్సిల్ విప్పగానే, అద్దం ఊడదీయకముందే, ఈ పని చేయండి, నచ్చకపోతే వెనక్కి పంపడానికి వీలుంటుంది.

ఇందులో నేను అనుకోని మంచి ఒకటి బయటపడింది. నా కారు ముందు ఇండికేటర్ ఇంకా మామూలు ఫిలమెంట్ బల్బే. ఫిలమెంట్ వేడెక్కి నిండుగా వెలగడానికి 0.2 సెకను దాకా పడుతుంది, ఎల్‌ఈడీ అయితే కరెంటు తగలగానే వెలుగుతుంది. అందుకే అద్దంలో మామూలు ఎల్‌ఈడీ పెట్టుకున్నవాళ్ల కారు చూస్తే అద్దం ముందు, బల్బు వెనక అన్నట్టు రెండూ విడివిడిగా మెరుస్తాయి. నా సెట్‌లో గీత నిండే సమయానికి ముందు బల్బు కూడా నిండుగా వెలుగుతుంది కాబట్టి రెండూ కలిసి మెరిసినట్టే ఉంటుంది.

ఇప్పుడు వెనక నుంచి చూసే సంగతి. కంపెనీ ఇచ్చిన అద్దం లైటును చేతిలో పట్టుకుని చూడండి, బయటి చివర వెనక్కి వంగి ఉంటుంది, ఆ వంపులో ప్లాస్టిక్ లోపల సన్నటి గాట్లు ఉంటాయి. వెలుగును పట్టుకుని వెనక్కి తిప్పేది అవే. చాలా చవక సెట్లలో బయటి ఆకారం అచ్చం అలాగే పోత పోస్తారు గానీ లోపల గాట్లు ఉండవు, ఎల్‌ఈడీలన్నీ ముందుకే చూస్తుంటాయి. ఎదురుగా నిలబడితే కళ్లు జిగేల్‌మంటాయి, వెనక డోర్ దగ్గరికి వస్తే ఏమీ లేదు. నా సెట్‌లో చివరి ఎల్‌ఈడీ దాదాపు పక్కకు తిరిగి ఉంది, దాని ముందు పాలరంగు ముక్క ఒకటి పెట్టారు, మిట్టమధ్యాహ్నం ఎండలో వెనక చక్రం పక్కన నిలబడినా ఆ చివర మెరవడం స్పష్టంగా కనిపిస్తోంది. పాతదానికన్నా బాగా కనిపిస్తోంది. ఈ ఒక్క కారణానికే నేను దీన్ని ఇతరులకు చెప్తున్నాను.

నల్లగా పొగబారినట్టుండే స్మోక్డ్ లెన్స్ రకం మాత్రం వద్దు. ఆరి ఉన్నప్పుడు నల్ల కారు మీద ఎంత బాగున్నా, వెలిగినప్పుడు ఆ రంగు వెలుగులో కొంత మింగేస్తుంది. రాత్రి తేడా తెలియదు, ఎండలో తెలుస్తుంది. తమ్ముడిది ఆ రకమే, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

బిగించడం కష్టమైన పనేం కాదు గానీ తొందరపడితే అద్దం పగులుతుంది. చాలా కార్లలో వరస ఇలా ఉంటుంది: అద్దాన్ని ఒక పక్కకు పూర్తిగా వంచి, తెరుచుకున్న సందులోంచి ప్లాస్టిక్ పుల్లతో మెల్లగా బయటికి లాగాలి, లోహపు స్క్రూడ్రైవర్ వాడొద్దు. అద్దం మీద అడ్డంగా టేప్ అంటించుకుంటే పొరపాటున పగిలినా ముక్కలు చెల్లాచెదురు కావు. వేడి చేసే అద్దమైతే వెనక రెండు వైర్లుంటాయి, బ్లైండ్ స్పాట్ హెచ్చరిక ఉంటే ఇంకో కనెక్టర్, ఎక్కడిది ఎక్కడో ఫొటో తీసుకోండి. తర్వాత రంగు వేసిన కప్పు, దాని క్లిప్పులు. చల్లటి వాతావరణంలో ఆ క్లిప్పులు పెళుసుగా ఉండి టక్కున విరుగుతాయి, హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడి తగిలిస్తే సాగుతాయి. లైటును పట్టి ఉంచే స్క్రూలు చిన్నవి, కింద పడితే అద్దం గుంటలోకి జారిపోతాయి. మన కారుకు సరిపోయే సెట్ అయితే కనెక్టర్ నేరుగా కూర్చోవాలి. వైరు కోయమని సూచనలుంటే అది మీ కారుకు చేసింది కాదని అర్థం.

కరెంటు వైపు వస్తే, అందరికీ టెన్షన్ పెట్టేది ఇండికేటర్ టిక్‌టిక్ ఉన్నట్టుండి రెట్టింపు వేగంతో కొట్టుకోవడం. బల్బు మాడిపోతే డ్రైవర్‌కు తెలియడానికి పెట్టిన ఏర్పాటు అది. ఎల్‌ఈడీ చాలా తక్కువ కరెంటు తీసుకోవడంతో బల్బు లేదనుకుని కారు అలా చేస్తుంది. కంపెనీ నుంచే అద్దంలో ఎల్‌ఈడీ ఉన్న కార్లలో ఈ గొడవ సాధారణంగా రాదు. ఫిలమెంట్ బల్బు తీసి ఇది పెడితే రావచ్చు. వస్తే, బల్బు ఉన్నట్టే కారుకు అనిపించేలా అదనంగా కరెంటు లాగే రెసిస్టర్ పెట్టమంటారు, కానీ అది పనిచేసేటప్పుడు బాగా వేడెక్కుతుంది, మామూలుగా అమ్మే 6 ఓమ్‌లది 12 వోల్టుల దగ్గర వెలుగుతున్నంతసేపు 24 వాట్లు వేడిగా వదులుతుంది. దాన్ని అద్దం ప్లాస్టిక్ డబ్బాలో ఇరికించడం మంచిది కాదు, ఎక్కడైనా లోహానికి బిగించాలి. ఇంకొన్ని కార్లు బల్బు ఉందో లేదో చూడ్డానికి మధ్యమధ్యలో చిన్న కరెంటు పల్స్‌లు పంపుతుంటాయి. ఫిలమెంట్‌ను వెలిగించడానికి ఆ కాస్తా చాలదు, ఎల్‌ఈడీకి చాలు. డోర్ తీయగానే మొదటి ఎల్‌ఈడీ మినుకుమంటే కారణం అదే. అదేమీ ప్రమాదం కాదు, కానీ మంచి సెట్లలో దాన్ని అడ్డుకునే సర్క్యూట్ పెడతారు.

నా సెట్‌లో ఉన్న లోపం కూడా చెప్పాలి. మొదట వచ్చినదాంట్లో ఎడమ వైపు లైటుకు లెన్స్, వెనక డబ్బా కలిసే చోట అతుకు సరిగా లేదు. గట్టి వాన పడ్డాక లోపల ఆవిరి పట్టింది, మర్నాటికి ఎండకు పోతుందనుకుంటే నీటి చుక్కలుగా మారి కిందికి చేరింది. అమ్మినవాళ్లు కారు కడిగేటప్పుడు నీళ్లు వెళ్లాయేమో అన్నారు. అద్దం ఇండికేటర్ వాననూ, కారు కడగడాన్నీ తట్టుకోలేకపోతే ఇంకెందుకు? ఫొటోలు పంపి, వాళ్ల వెంట పడితేనే మార్చి ఇచ్చారు. మార్చింది బాగుంది. మీరు కొంటే అతుకు చుట్టూ గోరు పెట్టి చూడండి, ఎక్కడైనా గోరు దిగితే అక్కడి నుంచే నీళ్లు దిగుతాయి.

డోర్ తెరిస్తే నీలం వెలుగు, నడుస్తుంటే తెల్ల వెలుగు, తిరిగేటప్పుడు పసుపు అంటూ మూడు రకాలు కలిపి అమ్మేవి ఉన్నాయి. ఇండికేటర్ ఉన్న చోటే ఇంకో రంగు వెలుగుతుంటే పసుపు వచ్చిందన్న సంగతి కంటికి ఆలస్యంగా ఆనుతుంది. పైగా చాలా దేశాల్లో నీలం రంగు పోలీసులు, అంబులెన్సుల వంటి అత్యవసర వాహనాలకే. పసుపు ఒక్కటే ఉన్నది తీసుకోండి. లెన్స్ మీద వృత్తంలో ఇంగ్లిష్ ‘E’ అక్షరం, పక్కన ఒక అంకె, ఆమోదం నంబర్ అచ్చుపోసి ఉన్నాయేమో చూడండి. స్టిక్కర్ మీదో, అట్టపెట్టె మీదో ఉన్నదాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. మీరుండే చోట నియమం ఏమిటో కూడా ముందే కనుక్కుంటే తనిఖీలప్పుడు ఇబ్బంది ఉండదు.

ఎవరికి పనికొస్తుంది అంటే, పాత అద్దం లైటు పసుపు వెలిసిపోయో, పగిలో ఎలాగూ మార్చాల్సిన వాళ్లకు నిస్సందేహంగా. రోజూ బైకుల మధ్య, పక్కపక్కనే కదిలే ట్రాఫిక్‌లో నడిపేవాళ్లకు కూడా, పైన చెప్పినట్టు చివర వెనక్కి వెలిగేది దొరికితేనే. పాతది బాగానే వెలుగుతోంది, సోకు కోసం మాత్రమే అనుకుంటే ఆగండి, కంపెనీ లైటు అంత నీళ్లు పట్టకుండా ఉండేవి బయట తక్కువే. మార్చినా పాతవాటిని పారేయకండి, స్క్రూలతో సహా ఒక కవర్‌లో పెట్టి, ఎడమదేదో కుడిదేదో రాసి డిక్కీలో ఉంచండి.