షే పనీస్‌కి ఏ నెలలో వెళ్లాలి?

కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో షాటక్ అవెన్యూ, 1517 నంబరు. రెండంతస్తుల పాత చెక్క ఇల్లు. కింద రెస్టారెంటు, పైన కేఫే. రెండూ షే పనీసే, రెండింటి మెనూ రోజూ మారేదే. కేఫేలో ఒక పేజీ మెనూ ఇస్తారు, కావలసినవి చెప్పుకోవచ్చు. కింద ఆ వెసులుబాటు లేదు. ఆ రాత్రికి ఒకటే భోజనం, వచ్చినవాళ్లందరికీ అదే. పెళ్లి పంక్తిలో కూర్చున్నట్టు, వడ్డించింది తినడమే. అంటే బుక్ చేసేటప్పుడు తేదీ నొక్కారే, మీ ఆర్డరు అప్పుడే అయిపోయింది.

చిక్కేమిటంటే, టేబుళ్లు నెల ముందు ఇస్తారు, కింది మెనూ మాత్రం ఏ వారానిది ఆ వారమే బయటపెడతారు. ఏం వండుతారో తెలియకుండా బుక్ చేయాలి. ఫ్రీమాంట్ నుంచో శాన్ హోజే నుంచో గంటసేపు డ్రైవ్ చేసి వచ్చిన మనవాళ్లు కొందరు "కాసిన్ని ఆకులు, ఓ చేప ముక్క, రెండు పండ్లు, దీనికి ఇంత బిల్లా?" అని పెదవి విరవడం మామూలే. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. కాకపోతే చాలాసార్లు తప్పు వంటలో కంటే వెళ్లిన నెలలో ఉంటుంది.

ఆలిస్ వాటర్స్ దీన్ని తెరిచింది 1971 ఆగస్టు 28న. మొదటి రాత్రి భోజనం 3.95 డాలర్లు: పిండి పొరలో కాల్చిన పాటే (మెత్తటి మాంసం ముద్ద), ఆలివ్‌లతో బాతు, పిండి పొర మీద ప్లమ్ పండ్లు పరిచి కాల్చిన టార్ట్. అచ్చంగా ఫ్రెంచి వంట. ఊళ్ల పేర్లు మెనూకెక్కింది తర్వాత. 1976 అక్టోబరు 7న అప్పటి షెఫ్ జెరెమయా టవర్ ఉత్తర కాలిఫోర్నియా సరుకుతోనే ఒక విందు మెనూ రాశారు. టొమాలెస్ బే ఆయిస్టర్లు, బిగ్ సర్ వాగులో ట్రౌట్ చేప, మాంటెరీ బే రొయ్యలు, సోనోమా చీజు. బంగినపల్లి మామిడి, మాడుగుల హల్వా అని ఊరితో కలిపి పిలవడం మనకు కొత్తేం కాదు గానీ, అమెరికాలో ఖరీదైన రెస్టారెంటు మెనూ మీద అది అప్పటికి వింతే.

పొలం పేరు రాయడం తేలిక. 2016లో ఫ్లోరిడాలోని టాంపా బే టైమ్స్ పత్రిక తమ ప్రాంతపు రెస్టారెంట్ల మెనూల్లో ఉన్న పొలాల పేర్లు పట్టుకుని ఆరా తీస్తే, చాలాచోట్ల ఆ సరుకు అక్కణ్నుంచి రావడమే లేదని తేలింది. షే పనీస్‌లో నమ్మకం పేరు మీద కాదు, రాకపోకల మీద. 1980ల నడుమ ఆలిస్ తండ్రి పాట్ వాటర్స్ చుట్టుపక్కల పొలాలు తిరిగి, సోనోమా వైపు బాబ్ కన్నార్డ్ అనే రైతును కుదిర్చారు. వంటింట్లో మిగిలిన తొక్కలూ కాడలూ ఆ పొలానికి ఎరువుగా వెళ్తాయి, తిరుగు బండిలో కూరగాయలొస్తాయి. మామూలు హోటల్లో ముందు మెనూ, తర్వాత సంత. ఇక్కడ బండి దిగిన సరుకు చూసి మెనూ. ఇందులో కష్టమూ ఉంది. రోజూ కొత్త వంటకమంటే, వంటవాళ్లకు అదే దోసె వెయ్యిసార్లు పోసిన చేయి కుదరదు. ఈ పద్ధతిలో నడిచే ఏ వంటింట్లోనైనా ఉప్పు ఒకరోజు సరిపోయి ఒకరోజు తగ్గడం, చేప ఒక పిసరు ఎక్కువ ఉడకడం ఉంటాయి. ప్రతిసారీ ఒకే రుచి కావాలంటే మెనూ మారని చోటికి వెళ్లడం మేలు.

ఇక నెలల సంగతి.

జనవరి, ఫిబ్రవరి: చికోరీ జాతి చేదు ఆకులు, దుంపలు, నారింజ జాతి పండ్లు. కాకరకాయ ఇష్టంగా తినేవాళ్లకు ఈ సలాడ్లు నచ్చుతాయి, చేదంటే మొహం ముడిచేవాళ్లు ఈ రెండు నెలలూ వదిలేయండి. మార్చి చివరి నుంచి మే దాకా పచ్చి వెల్లుల్లి కాడలు, ఆస్పరాగస్, బఠాణీ, ఫావా చిక్కుడు. ఫావా గింజను రెండుసార్లు ఒలవాలి: ముందు కాయ, తర్వాత మరిగే నీళ్లలో అర నిమిషం వేసి తీసి గింజ మీది తోలు. రాయలసీమలో అనపగింజలు నానబెట్టి పితికి పితికిపప్పు చేసేవాళ్లకు ఈ చాకిరీ ఎంతో వేరే చెప్పక్కర్లేదు. కిలో కాయ ఒలిస్తే చివరికి మిగిలేది ఓ పెద్ద గుప్పెడు. ప్లేటులో నాలుగు చెంచాల పచ్చటి ముద్ద కనిపించి "ఇంతేనా" అనిపించినప్పుడు ఈ లెక్క గుర్తు తెచ్చుకోండి. ఏప్రిల్ లేత గింజ వెన్నలా ఉంటుంది. జూన్ నాటికి ముదిరి పిండి పిండిగా అయిపోతుంది.

జూన్‌లో టమాటా కోసం వెళ్లొద్దు. బే ఏరియా వేసవి పొగమంచు వేసవి, ఇక్కడి టమాటాకు రంగు వచ్చినా అప్పటికి రుచి రాదు. జూన్ అంటే బ్లెన్‌హైమ్ ఆప్రికాట్. మూడు నాలుగు వారాల పండు, పట్టుకుంటే కమిలిపోయేంత మెత్తన, అందుకే దూరపు దుకాణాలకు చేరదు. జూలై, ఆగస్టుల్లో పీచ్ పండ్లు.

ఒక్కసారే వెళ్తామంటే సెప్టెంబరు. అప్పుడు టమాటా, అంజూరం, మిరప, మొక్కజొన్న అన్నీ ఒకేసారి ఉంటాయి. టమాటాల్లో ఎర్లీ గర్ల్ రకం గురించి ఓ మాట. తీరం వెంబడి రైతులు నారు వేళ్లూనాక నీళ్లు ఆపేస్తారు, శీతాకాలపు వానతో నేలలో దిగిన తేమతోనే కాయాలి. మన మెట్ట సేద్యమే. కాయ చిన్నది, తోలు మందం, దిగుబడి తక్కువ, రుచి మాత్రం చిక్కబడి ఉంటుంది. తీపీ పులుపూ రెండూ గట్టిగా తగులుతాయి. దానికి ఉప్పు, ఆలివ్ నూనె తప్ప ఏమీ తగిలించకపోవడమే సరైన వంట.

అంజూరం పండే కాదు, ఆకూ పనికొస్తుంది. చేప ముక్కకు ఉప్పు, నూనె రాసి అంజూరపు ఆకులో చుట్టి కాలుస్తారు. ఇక్కడ పేరు పడ్డ పద్ధతుల్లో ఇదొకటి. ఆకు తినకూడదు, విప్పి పక్కన పెట్టాలి. విప్పగానే వచ్చేది అచ్చం పచ్చికొబ్బరి వాసన, కొబ్బరి ముక్క లేకుండానే. కోనసీమ పొట్టిక్కలకు పనసాకు ఇచ్చే వాసన తెలిసినవాళ్లు దీన్ని ఇట్టే పట్టేస్తారు. మెనూలో కనిపిస్తే వదలకండి.

ఏ చేప అనేది మాత్రం సముద్రం చేతిలో ఉంది. సాక్రమెంటో నదిలో సాల్మన్ చేపలు బాగా తగ్గిపోవడంతో కాలిఫోర్నియా తీరంలో 2023, 2024, 2025 మూడేళ్లూ కమర్షియల్ సాల్మన్ వేట మూసేశారు. పాత రివ్యూలు చదివి "స్థానిక సాల్మన్" ఆశించి వెళ్లేముందు ఆ ఏడు వేట తెరిచారో లేదో చూసుకోండి. డంజనెస్ పీత కూడా అంతే. లెక్క ప్రకారం నవంబరు నడుమ వేట మొదలవ్వాలి, కానీ పీతల బోనుల తాళ్లలో తిమింగలాలు చిక్కుకుంటున్నాయని ఇటీవలి ఏళ్లలో మాటిమాటికీ వాయిదా వేసి జనవరి దాకా లాగుతున్నారు. పీత కోసం నవంబరు చివర్లో వచ్చే థాంక్స్‌గివింగ్ పండుగ వారంలో బుక్ చేయడం జూదమే. ఆ నెలలో నమ్ముకోదగ్గది పెర్సిమన్ పండు. ఫుయు రకం గట్టిగా ఉన్నప్పుడే ముక్కలు కోసుకోవచ్చు. హచియా రకం జెల్లీలా కారిపోయేంత పండకపోతే నాలుక పిడచగట్టే వగరు.

కింద కూర్చోవాలా, పైనా? మొదటిసారైతే పైనే. 1980లో తెరిచిన ఈ కేఫేలో కట్టెల పొయ్యి ఉంది, పిజ్జాలు అందులోంచే వస్తాయి. ఇక్కడ సలాడ్, పిజ్జా, ఒక తీపి ఇద్దరు పంచుకుంటే ఈ వంట తీరు మీకు పడుతుందో లేదో కింద అయ్యే ఖర్చులో కొంతతోనే తేలిపోతుంది. కింద మనిషికి వంద డాలర్లు దాటి చాలాకాలమైంది. వైన్, పన్ను, సర్వీస్ ఛార్జీ దానికి అదనం. ఆ ఛార్జీ బిల్లులోనే కలిపే పద్ధతి ఇక్కడ ఎప్పటినుంచో ఉంది. బిల్లు చూసుకోకుండా మళ్లీ టిప్పు రాయకండి. కింద కూర్చునేవాళ్లు వంటింటి వైపు టేబుల్ అడగండి. 1982 అగ్నిప్రమాదంలో హాలుకూ వంటింటికీ మధ్య గోడ కాలిపోతే మళ్లీ కట్టలేదు, కాబట్టి పొయ్యి దగ్గర ఏం జరుగుతుందో కనిపిస్తుంది.

ఈ వంటింటిని తూచడానికి ఒకే వంటకం చెప్పమంటే, మేక చీజు సలాడ్. సోనోమాలో లారా షెనెల్ చేసిన చీజుతో 1980ల తొలినాళ్ల నుంచి పేరు పడింది. చూడ్డానికి ఏమీ లేదు: లేత ఆకులు, పక్కన వేడి చీజు బిళ్లలు. ఇంట్లో చేసి చూస్తే గానీ ఎక్కడ చెడుతుందో తెలియదు. నలుగురికి పావు కిలో ఆకులు, అరంగుళం మందం చీజు బిళ్లలు ఎనిమిది. బిళ్లలను థైమ్ రెమ్మలు వేసిన ఆలివ్ నూనెలో రాత్రంతా ఉంచి, మెత్తటి ఎండు బ్రెడ్ పొడిలో దొర్లించి, 400 డిగ్రీల ఫారన్‌హీట్ ఓవెన్‌లో ఆరు నిమిషాలు. ఎనిమిది దాటితే బిళ్ల జారి ట్రే మీద పరుచుకుంటుంది. పొడిలో తడి ఉంటే కరకర రాదు. రెడ్ వైన్ వెనిగర్ ఒక చెంచాకు నూనె నాలుగు చెంచాలు, ఉప్పు ముందు వెనిగర్‌లోనే కరగాలి, నూనెలో కరగదు. అన్నిటికంటే ఎక్కువగా చెడేది ఆకు తడి దగ్గర. కడిగిన ఆకును గుడ్డలో చుట్టి ఆరబెట్టకపోతే నూనె ఆకుకు అంటదు, గిన్నె అడుగున మడుగు కడుతుంది. కాబట్టి తినడం పూర్తయ్యాక ప్లేటు అడుగు చూడండి. అక్కడ నీళ్లు కనిపిస్తే ఆ రోజు వంటింట్లో ఎవరో తొందరపడ్డట్టే. ఏ ఊళ్లో ఏ రెస్టారెంటుకైనా ఈ పరీక్ష పనిచేస్తుంది.

శాకాహారులు బుక్ చేసేటప్పుడే చెప్పాలి, టేబుల్ దగ్గర చెబితే ఆలస్యమైపోయినట్టే. "వెజిటేరియన్" అన్న ఒక్క మాట చాలదు. ఈ తరహా వంటలో కూరగాయల సూప్‌కు చికెన్ స్టాక్ (కోడి ఎముకలు మరిగించిన రసం) వాడటం మామూలు. ఆకుపచ్చ సాస్‌లోనూ సలాడ్ డ్రెస్సింగ్‌లోనూ ఆంచోవీ చేప కరిగిపోయి ఉండొచ్చు. ఇటలీ పార్మజానో చీజు దూడ పొట్టలోంచి తీసే, పాలు విరగ్గొట్టే రెనెట్ లేకుండా తయారే కాదు. ఐస్‌క్రీముల్లో గుడ్డు సొన ఉంటుంది. మీ పట్టింపు ఎంతవరకో అంతవరకూ ఒక్కొక్కటీ పేరుపెట్టి అడగండి, విసుక్కోరు. గొడ్డుమాంసం, పంది తినని మాంసాహారులు ఆ వారం మెనూ వచ్చిన రోజే చూసుకుని ఫోన్ చేయాలి.

చప్పదనం గురించి దాచడానికేం లేదు. మిరియం తప్ప కారం పెద్దగా ఉండదు, తాలింపు ఊసే లేదు. ఆవకాయ నాలుకకు మొదటి రెండు ప్లేట్లూ ఏదో మర్చిపోయినట్టే ఉంటాయి. వెళ్లే రోజు మధ్యాహ్నం పచ్చడి అన్నం తినకుండా ఉంటే తేడా తెలుస్తుంది. మసాలా లేకపోవడం ఇక్కడి లోపమని నేననను. పరిమాణం మాత్రం చిన్నదే, బాగా ఆకలేసే మనిషికి కేఫేలో రెండు వంటకాలతో కడుపు నిండదు.

తీపి దగ్గర అసలు తగువంతా మొదలవుతుంది. చలికాలంలో రాగి గిన్నెలో కిషు కమలాలు, ఖర్జూరాలు పెట్టి తెస్తారు. అంతే. కిషు దాదాపు పింగ్‌పాంగ్ బంతంతే ఉంటుంది, గింజ ఉండదు, తోలు బొటనవేలు తగిలితే ఊడొస్తుంది. వేసవిలో ఒక్కోసారి ఉత్త పీచ్ పండు ఒక్కటే ప్లేటులో వస్తుంది. "వంట ఏదీ?" అనే ప్రశ్న న్యాయమైనదే. కానీ బాగా మాగిన చిన్నరసం చేతికిచ్చినప్పుడు వంట ఏదని మనమెవరం అడగం. పండు ఆ రోజుకు సరిగ్గా మాగిందా అన్నదే ఇక్కడ చూడాల్సింది, ధర దానికే. మాగకపోతే నిస్సంకోచంగా చెప్పండి. ఈ ఒక్క విషయంలో సర్దుకుపోవడం అనవసరం. పండు మీద నమ్మకం లేనివాళ్లు అదే మెనూలో టార్ట్ ఉంటే అది తీసుకోవడం సుఖం. అంచులు బాగా కాలి, ముదురు గోధుమ రంగులో ఉంటుంది, మాడిందనుకోకండి.

2006 నుంచి 2009 దాకా, మేటి రెస్టారెంట్లకు మిషెలిన్ గైడు ఇచ్చే స్టార్ ఒకటి ఉండేది, తర్వాత లేదు. స్టార్ హోటళ్ల ఆర్భాటం కోసం వెళ్లేవాళ్లకు అది ముందే తెలిస్తే మంచిది. శుక్ర, శనివారాల్లో వీధిలో పార్కింగ్ దొరకదు. డౌన్‌టౌన్ బర్క్‌లీ బార్ట్ రైలు స్టేషన్‌లో దిగి షాటక్ మీదే ఉత్తరానికి ఓ కిలోమీటరు పైచిలుకు నడవండి, పావుగంట. కింద బుక్ చేసిన వారం మెనూ వచ్చాక అది మీకు సరిపడేలా లేకపోతే, రద్దు షరతులు చూసుకుని, అదే రోజుకు పైన కేఫేలో ఖాళీ ఉందేమో అడగండి. మధ్యాహ్నం పూట అయితే దొరికే అవకాశం ఎక్కువ.