స్లాట్ కోసం దేశం మార్చకండి: షెంజెన్ వీసా లెక్కలు

“ఆ దేశానికి స్లాట్లు లేవు సార్, ఈ దేశానికి ఉన్నాయి, ఇందులో వేసేద్దాం. వీసా ఏదైనా అన్ని దేశాలూ తిరగొచ్చు.” యూరప్‌లోని 29 దేశాలకు ఉమ్మడిగా చెల్లే షెంజెన్ వీసా అనగానే చాలామంది ఏజెంట్ల నోట వచ్చే మాట ఇదే. స్లాట్ అంటే ఫైలు ఇవ్వడానికి తీసుకునే అపాయింట్‌మెంట్. ఇందులో రెండో ముక్క నిజం: ఒక్క వీసాతో ఆ దేశాలన్నీ తిరగొచ్చు. మొదటి ముక్క మాత్రం నమ్మినవాళ్ల కొంప ముంచుతుంది.

ఏ దేశానికి అప్లై చేయాలన్నది మన ఇష్టం కాదు. ఎక్కువ రోజులు ఎక్కడ ఉంటామో ఆ దేశానికే చేయాలి. రోజులు సమానమైతే షెంజెన్‌లో మొదట అడుగుపెట్టే దేశానికి. ఇటలీలో 5 రోజులు, ఫ్రాన్స్‌లో 4, స్విట్జర్లాండ్‌లో 3 అనుకుంటే, పారిస్‌లో దిగినా సరే ఫైలు ఇటలీదే. ఇక్కడే ఏజెంటు చేతివాటం చూపిస్తాడు. స్విస్ స్లాట్ దొరికిందని జ్యూరిక్‌లో 6 రోజులు హోటల్ బుక్ చేసినట్టు కాగితం పుట్టిస్తాడు, ఫైలు ఇచ్చిన మర్నాడే క్యాన్సిల్ చేస్తాడు. కాన్సులేట్ వాళ్లు ఆ బుకింగ్ సరిచూసుకున్నారంటే రిజెక్షనే. కాగితంలో టిక్కు పెట్టిన కారణం “ప్రయాణ ఉద్దేశం నమ్మదగినట్టు లేదు” అని ఉంటుంది. ఆ మచ్చ వీసా సమాచార వ్యవస్థలో మన పేరు మీద ఉంటుంది, ఏజెంటు పేరు మీద కాదు. కట్టిన ఫీజు వెనక్కి రాదు.

స్లాట్‌కి విడిగా ఫీజంటూ లేదు. అందుకే దాన్ని వేలకు వేలు పోసి కొనకండి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు. కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు, అనుమానం వస్తే 45 రోజుల దాకా పడుతుంది. వేసవి సెలవులకు వెళ్లేవాళ్లు సంక్రాంతి నాటికే ఫైలు పని మొదలుపెడితే మేలు.

ఖర్చు సంగతి. పెద్దలకు 90 యూరోలు, 6 నుంచి 12 ఏళ్ల లోపు పిల్లలకు 45, ఆరేళ్ల లోపు వాళ్లకు ఉచితం. భార్యాభర్తలు, పదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు వెళితే 225 యూరోలు. దీనిమీద వీసా సెంటర్ (కాన్సులేట్ తరఫున ఫైళ్లు తీసుకునే ఆఫీసు) సర్వీస్ ఛార్జి ఉంటుంది. సాధారణంగా అది వీసా ఫీజులో సగానికి మించకూడదు. ఆ తర్వాత కౌంటర్లో వరసగా అడిగే ప్రీమియం లౌంజ్, ఎస్సెమ్మెస్, ఫొటో, జిరాక్స్ ఏవీ తప్పనిసరి కావు. “వద్దండీ” అనడానికి మొహమాటపడకండి. లౌంజ్ తీసుకుంటే కుర్చీ మెత్తగా ఉంటుందేమో గానీ, వీసా ఇచ్చేది కాన్సులేట్. ఆ సోఫాకి దాంతో సంబంధం లేదు.

ఫైల్లో ఎక్కువగా దెబ్బతినేది పేరు దగ్గర. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడి ఖాళీగా ఉండి, ఇంటిపేరూ పేరూ రెండూ గివెన్ నేమ్‌లోనే ఉన్నవాళ్లు మనలో చాలామంది. ఫారంలో, ఇన్సూరెన్సులో, టికెట్ రిజర్వేషన్‌లో ఒక్కోచోట ఒక్కోలా రాస్తే ముగ్గురు మనుషుల్లా కనిపిస్తారు. పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని ఒక్కో అక్షరం సరిచూడండి. ఇన్సూరెన్స్ కనీసం 30,000 యూరోలకు, షెంజెన్ దేశాలన్నిటికీ, ఉండే రోజులన్నిటికీ వర్తించాలి. తేదీ ఒక్కరోజు తగ్గినా ఫైలు ఆగుతుంది. పాస్‌పోర్టు పదేళ్ల లోపు ఇచ్చినదై, తిరుగు ప్రయాణం తర్వాత ఇంకో 3 నెలలు చెల్లాలి, రెండు ఖాళీ పేజీలు ఉండాలి. ఫొటో 35 బై 45 మిల్లీమీటర్లు. స్టూడియోలో అమెరికా వీసా సైజు అంటగట్టకుండా చూసుకోండి.

బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఎంత ఉందన్నదానికంటే ఎలా వచ్చిందన్నది ముఖ్యం. నెలనెలా జీతం పడుతూ 4 లక్షలు ఉన్న ఖాతా, పోయిన వారం బావమరిది వేసిన 10 లక్షలతో ఉబ్బిన ఖాతా కంటే ఎంతో నయం. నిజంగానే స్థలం అమ్మిన డబ్బో, ఎఫ్‌డీ తీసిన డబ్బో అయితే ఆ కాగితం జత చేసి, కవర్ లెటర్లో ఒక్క వాక్యం రాయండి. జీతం స్లిప్పులు, ఐటీ రిటర్నులు, ఆఫీసు సెలవు లెటరు ఎన్నేసి కావాలో ఆ దేశం చెక్‌లిస్టులో ఉంటుంది.

అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే వాళ్ల ఫైళ్లు మీరే కట్టండి, మీ స్పాన్సర్ లెటరు, బంధుత్వం చూపే కాగితం పెట్టండి. కౌంటర్లో “ఎక్కడికెళ్తున్నారమ్మా?” అనగానే పెద్దావిడ కంగారుపడి మీ మొహం చూస్తుంది. ముందురోజు రాత్రి కూర్చోబెట్టి ఊళ్ల పేర్లు, తేదీలు ఒకసారి చెప్పించండి. ఏళ్ల తరబడి చాకిరీ చేసిన చేతుల్లో వేలిగీతలు అరిగిపోయి స్కానర్ సరిగా తీసుకోకపోవచ్చు; విసుక్కోకుండా మళ్లీ పెట్టించాలి. ఒకసారి ఇచ్చిన వేలిముద్రలు 59 నెలలు పనికొస్తాయి. పన్నెండేళ్ల లోపు పిల్లలకు ఆ పనే లేదు.

స్టిక్కర్ చేతికి రాగానే అక్కడే చదవండి. జూన్ 1 నుంచి 28 వరకు అని ఉండి, ఉండే రోజుల గడిలో 13 అని ఉంటే, ఆ 28 రోజుల్లో ఏవైనా 13 రోజులే ఉండొచ్చు; దిగిన రోజు, బయల్దేరిన రోజు రెండూ లెక్కే. ఎంట్రీల గడిలో 01 ఉంటే ఒక్కసారే లోపలికి రానిస్తారు, మధ్యలో లండన్ వెళ్లి మళ్లీ పారిస్ రావడం కుదరదు. బ్రిటన్‌కి ఎలాగూ వేరే వీసా కావాలి.

2024 ఏప్రిల్ నుంచి మనవాళ్లకు ఒక మంచి నిబంధన ఉంది: మూడేళ్లలో రెండు వీసాలు సక్రమంగా వాడితే రెండేళ్ల మల్టిపుల్ ఎంట్రీ (పలుమార్లు వెళ్లి రాగల) వీసా అడగొచ్చు, ఆ తర్వాత ఐదేళ్లది. అందుకే పాత పాస్‌పోర్టులు అటక మీద పడేయకండి. 2025 అక్టోబర్‌లో మొదలైన కొత్త పద్ధతిలో సరిహద్దు దగ్గర ముద్ర బదులు రాకపోకల్ని కంప్యూటర్లో నమోదు చేస్తున్నారు కాబట్టి, వెళ్లొచ్చినట్టు రుజువుగా బోర్డింగ్ పాసులు కూడా ఆ పాస్‌పోర్టులోనే దాచుకోండి.