నక్కలగుట్టల ఆదివారం పాలిటీ క్లాసు ఎట్లున్నదంటే

నేను పరకాల దిక్కు పంచాయతీ కార్యదర్శిగ పనిచేస్తున్న, గ్రూప్-2కు చదువుతున్న. హనుమకొండ నక్కలగుట్టల ఆదివారం బ్యాచ్‌ల చేరిన. పాలిటీ (రాజ్యాంగం, పాలన) సార్ చెప్పే తీరు గురించే రాస్తున్న, అందుల డివల్యూషన్ (అధికారాల బదలాయింపు) పాఠం గురించి ముఖ్యంగ.

గైడ్లల్ల డెలిగేషన్, డివల్యూషన్ రెండూ వికేంద్రీకరణ కిందనే కలిపేస్తరు. సార్ విడదీసిన్రు. కలెక్టర్ తన పని ఒకటి ఆర్డీవోకు అప్పజెప్తే డెలిగేషన్, బాధ్యత కలెక్టర్‌దే. చట్టం చేసి పని, పైసలు, సిబ్బంది ఎన్నికైన సంస్థకే ఇస్తే డివల్యూషన్. పంచాయతీలకు రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ, పంచాయతీలకు ఇయ్యదగ్గ పనులున్న పదకొండో షెడ్యూల్‌ల 29 అంశాలు అందరికీ నోటికొచ్చినవే. సార్ మాత్రం పంచాయతీల అధికారాల గురించిన 243జీ అధికరణ బోర్డు మీద రాసి, "ఇవ్వవచ్చు" అన్నకాడ గీత గీసిన్రు. అంటే ఇచ్చుడు రాష్ట్రం ఇష్టం. బడి బోర్డు మీద "మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల" అని ఉంటది, ఆ బడి టీచర్ల బదిలీలు విద్యాశాఖ చేస్తది. చదువు ఆ 29ల ఉన్నదే! మోరీలకు, వీధిలైట్లకు రోజూ మాటలు పడే నాకు ఆ గీత విలువ తెలుసు.

డివల్యూషన్‌కు ఉదాహరణగ స్కాట్లాండ్‌ల 1997 రెఫరెండం (జనం ఓటు), 1999ల సొంత పార్లమెంటు, అయినా లండన్ పార్లమెంటుదే పైచేయి అన్నది కూడా మంచిగ చెప్పిన్రు.

కేంద్రం పన్నులల్ల రాష్ట్రాలకిచ్చే వాటాను కూడా డివల్యూషనే అంటరు, అక్కడ నోట్సు దెబ్బకొట్టింది. 15వ ఆర్థిక సంఘం 41 శాతం అన్నది, జమ్మూ కశ్మీర్ కేంద్రపాలితమైనంక ఒక శాతం తగ్గించి. అందుల 2021-26కు తెలంగాణకు 2.102 శాతం. నోట్సుల పాత 42 శాతమే ఉన్నది. ఫీజు తీసుకున్నంక సరిచేసి ఇయ్యాలె గద.

అన్నిటికంటె పెద్ద కొరత ఆస్తి. హిందూ వారసత్వ చట్టం 6వ సెక్షన్ శీర్షికల ఉన్నదీ డివల్యూషనే, ఉమ్మడి ఆస్తిల వాటా వారసులకు వచ్చుడు. సార్ రెండు మాటల్ల దాటేసిన్రు. మన దగ్గర 1985 సెప్టెంబర్ 5 నాటికి పెండ్లి కాని ఆడబిడ్డలకు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టమే వాటా ఇచ్చింది. 2005ల దేశమంతటా వచ్చింది, పెండ్లయినోళ్లకు సుత. అయినా మా ఊళ్లె ఇయ్యాల్టికీ వాటా అడిగితే "కట్నం ఇచ్చినం గద" అంటరు. ఇది గంటసేపు చెప్పినా కదలకుండ కూసుంటుంటిమి.

తెలుగు మీడియం వాళ్లు, ముఖ్యంగ ఊళ్లల్ల కొలువు చేస్తూ చదివేటోళ్లు, తప్పకుండ చేరున్రి. వెనక బెంచీలకు మైకు సరిగ వినబడదు, జర ముందే పోయి కూసోన్రి. ఆర్థిక సంఘం అంకెలు, వారసత్వ చట్టం సొంతంగ చూసుకోవాలె.