ఓటు వేశానా, వేయించారా: తిరుపతిలో దివ్యాంగుల పోలింగ్ సేవలపై ఒక సమీక్ష

2024 మే 13న నేను రెండు ఓట్లు వేశాను: తెల్ల బ్యాలెట్ కాగితం ఉన్న యంత్రం మీద లోక్‌సభకు, గులాబీ కాగితం ఉన్న యంత్రం మీద శాసనసభకు. ఇందులో చెప్పుకోవలసినంత ఏముందని చాలామందికి అనిపించవచ్చు. పోలియో వల్ల రెండు కాళ్ళూ సహకరించని నాకు మాత్రం అంతకుముందు ప్రతి ఎన్నికలోనూ ‘ఓటు వేయించారు’ అన్న మాటే సరిపోయేది. ఒకరు ఎత్తుకునేవారు, ఒకరు కూర్చోబెట్టేవారు, మరొకరు భుజం మీదుగా వంగి ‘ఇదే కదా?’ అని అడిగేవారు. కాబట్టి పోలింగ్ నాటి సౌకర్యాలను నేను ఒకే కొలతతో చూస్తాను: గడప దాటింది మొదలు మీట నొక్కేదాకా ఎంత పని నా చేతుల్లో ఉంది, ఎంత పని ఇతరుల చేతుల్లోకి పోయింది?

సేవ మొదలయ్యేది పోలింగ్ రోజున కాదు, ఓటర్ల జాబితాలో. కొత్తగా పేరు చేర్చుకునేవారు ఫారం 6 నింపేటప్పుడే వైకల్యం వివరం రాయవచ్చు. ఇప్పటికే పేరున్నవారు ఫారం 8 ద్వారా ఆ గుర్తింపు నమోదు చేయించుకోవాలి. ఇది చేయకపోతే ఆ కేంద్రంలో వీల్‌చైర్ అవసరమైన మనిషి ఉన్నాడన్న సంగతి బూత్ స్థాయి అధికారి అయిన బీఎల్వోకు తెలిసే దారి లేదు. ఆ ఎన్నికల నాటికి ఎన్నికల సంఘం నడిపిన సక్షమ్ యాప్‌లో ఓటరు కార్డు నంబరు ఇచ్చి వీల్‌చైర్ కోరే వీలుండేది, పోలింగ్ కేంద్రం ఎక్కడో చూసుకునే వీలుండేది. ఈ రెండోది మన ఊళ్ళో చిన్న విషయం కాదు. తిరుపతి నగరాన్ని ఆనుకుని ఉన్న తిరుపతి రూరల్ వాసుల ఓటు చంద్రగిరి నియోజకవర్గంలో ఉంటుంది, చంద్రగిరి చేరేది చిత్తూరు లోక్‌సభ స్థానంలో. వీధి ఒకటే అయినా ఎమ్మెల్యే, ఎంపీ ఇద్దరూ మారిపోతారు. నేను కోరిక నమోదు చేసిన రెండు రోజులకే బీఎల్వో ఫోన్ చేసి ఏ సమయానికి వస్తారని అడిగారు. ఇంతవరకు నాకు ఏ లోటూ కనబడలేదు. యాప్ వాడలేనివారు 1950కి ఫోన్ చేయవచ్చు. ఓటరు కార్డు దొరకనప్పుడు దివ్యాంగులకిచ్చే యూడీఐడీ కార్డును కూడా గుర్తింపుగా అంగీకరిస్తారు, దీన్ని కొందరు పోలింగ్ సిబ్బందికి కూడా గుర్తు చేయవలసి వస్తుంది.

ఇక అసలు సంగతి మా పోలింగ్ కేంద్రం. అదొక పాఠశాల, పేరు చెప్పను. ఎండ ముదరకముందే వెళ్ళాలని ఉదయం ఎనిమిదికి ఆటో దిగాను. గేటు దగ్గర వీల్‌చైర్ ఉంది, దాన్ని తోయడానికి ఎన్ఎస్ఎస్ కుర్రవాడు ఒకడు ఉన్నాడు, పైన షామియానా ఉంది. గేటుకూ గదికీ మధ్య ముప్పై అడుగుల దూరం మాత్రం ఇసుక. ముందు చక్రాలు రెండూ అందులో కూరుకుపోయాయి. ఆ అబ్బాయి తెలివైనవాడు. కుర్చీని వెనక్కి తిప్పి, పెద్ద చక్రాల మీద లాక్కుంటూ వెళ్ళాడు. ముప్పై అడుగులూ నేను గేటు వైపు చూస్తూ, వీపు ముందుకుగా ప్రయాణించాను.

వరండాకు మూడు మెట్లు, మొత్తం అడుగున్నర ఎత్తు. వాటి మీద ఒక చెక్క పలక వాల్చి పెట్టారు. వీల్‌చైర్ ఎక్కే ర్యాంపుకు ఒప్పుకున్న లెక్క ఒకటికి పన్నెండు, అంటే అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు. ఆ లెక్కన మా వరండాకు పద్దెనిమిది అడుగుల వాలు కావాలి. అక్కడున్న పలక ఆరడుగులకు మించదు. దాని మీద ఒంటరిగా ఎక్కడం ఎవరివల్లా కాదు, ఒక్కరు తోసినా కష్టమే. వరుసలో నిలబడ్డ నలుగురు మగవాళ్ళు ముందుకొచ్చి, ‘అన్నా, కుర్చీతో సహా ఎత్తేస్తే రెండు నిమిషాల పని కదా’ అన్నారు. వాళ్ళ మంచితనాన్ని తప్పు పట్టను. అయితే మనిషిని సామానులా ఎత్తే ఆ రెండు నిమిషాలను తప్పించడానికే ర్యాంపు అనేది ఉంది. ర్యాంపు ఉందా లేదా అని గడిలో టిక్కు పెట్టేవారు ముందురోజు ఒక్కసారి కుర్చీలో కూర్చుని ఎక్కి చూసి ఉంటే ఆ పలకకు టిక్కు పడేది కాదు.

పోలింగ్ కేంద్రాల్లో ర్యాంపులు ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు 2004లోనే చెప్పింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 11వ సెక్షన్ ప్రతి పోలింగ్ కేంద్రమూ అందుబాటులో ఉండేలా చూసే బాధ్యతను ఎన్నికల సంఘం మీద పెట్టింది, ఎన్నికల సామగ్రి సులభంగా అర్థమయ్యేలా ఉండాలనీ అదే సెక్షన్ చెబుతుంది. పోలియో శస్త్రచికిత్సలకు ఎక్కడెక్కడినుంచో జనం వెతుక్కుంటూ వచ్చిన బర్డ్ ఆసుపత్రి ఉన్న ఊరు మాది. ర్యాంపు వాలు ఎంత ఉండాలో తెలిసినవాళ్ళకు ఇక్కడ కొదవ ఉండకూడదు. ప్రభుత్వం మమ్మల్ని వికలాంగులన్నా, దివ్యాంగులన్నా, విభిన్న ప్రతిభావంతులన్నా నాకు పట్టింపు లేదు, పలక పొడవు పెరిగితే చాలు.

గది లోపల పరిస్థితి మెరుగ్గా ఉంది. నన్ను వరుసలో నిలపకుండా నేరుగా పంపారు. వేలికి సిరా వేసే అధికారి లేచి నా కుర్చీ దగ్గరకు వచ్చారు. ఓటు వేసే బల్ల మాత్రం నిలబడ్డ మనిషి కోసం పెట్టిన ఎత్తులోనే ఉంది. పై వరుసల మీటలు అందుకోవడానికి ఎడమ చేత్తో కుర్చీ పట్టుకుని పైకి లేవాల్సి వచ్చింది. ఓటు ఏ గుర్తుకు పడిందో చీటీ మీద అచ్చువేసి చూపే వీవీప్యాట్ యంత్రం అద్దం వెనక ఆ చీటీ ఏడు సెకన్లు కనబడుతుంది. కింద నుంచి చూస్తున్న నాకు ఆ ఏడు సెకన్లలో సగం కిటికీ వెలుతురే కనబడింది. రెండో యంత్రం దగ్గర ఒళ్ళు కాస్త పక్కకు వంచి చూశాను, చీటీ స్పష్టంగా కనిపించింది. అయినా ఆ అట్టల చాటున నేను ఒక్కడినే ఉన్నాను. నా కొలత ప్రకారం అదే పెద్ద విషయం.

అదే కేంద్రంలో మా వీధి మాస్టారిని కలిశాను. ఆయనకు పుట్టుకతోనే చూపు లేదు, బ్రెయిలీ చేతి గీతలంత పరిచయం. బ్యాలెట్ యూనిట్‌లో నీలం మీటల పక్కన బ్రెయిలీ అంకెలుంటాయి. దీన్ని తొలిసారి ప్రయోగించి చూసింది 2004లో మన ఉమ్మడి రాష్ట్రంలోనే, హైదరాబాద్ ఆసిఫ్‌నగర్ ఉప ఎన్నికలో. 2009 సార్వత్రిక ఎన్నికల నాటికి దేశమంతటికీ వచ్చింది. అభ్యర్థుల పేర్లున్న బ్రెయిలీ నమూనా పత్రాన్ని కేంద్రంలో అడిగి ముందే చదువుకోవచ్చు. మాస్టారు అడిగితే అధికారి ముందు ‘తోడు ఎవరూ రాలేదా?’ అన్నారట. ‘తోడు కోసం రాలేదు, ఓటు కోసం వచ్చాను’ అని ఈయన జవాబు. కవరులోనే ఉండిపోయిన పత్రం అప్పుడు బయటికి వచ్చింది. చదవడానికి ఆయన తీసుకున్న సమయానికి వెనకవాళ్ళు కాస్త సణిగారు. మీట నొక్కాక బీప్ శబ్దం వినబడింది, కానీ ఓటు తాను తలచుకున్న గుర్తుకే పడిందని చీటీ చూసి నిర్ధారించుకునే అవకాశం చూపు లేనివారికి లేదు. యంత్రాల తయారీలోనే మిగిలిపోయిన ఈ లోటును ర్యాంపు లోటు కంటే పెద్దదిగా భావిస్తున్నాను.

చూపు తరువాత పోగొట్టుకున్నవారికి బ్రెయిలీ రాదు, అలాంటివారికి తోడు తప్పదు. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లోని 49ఎన్ ప్రకారం ఆ తోడుకు 18 ఏళ్ళు నిండాలి, ఒక రోజులో ఒకరికంటే ఎక్కువమందికి తోడు వెళ్ళకూడదు, ఓటు రహస్యం కాపాడతానని రాసివ్వాలి. తోడు ఎవరన్నది ఓటరు ఇష్టం. ఈ సంగతి ఇంట్లో పెద్దవాళ్ళకు ముందే చెప్పి ఉంచడం మంచిది, లేకపోతే బూత్ దగ్గర చేరే ఉత్సాహవంతులు తామే తోడంటూ బయలుదేరతారు.

చంద్రగిరి దగ్గర ఉండే మా అవ్వ ఇంటి నుంచే ఓటు వేసింది. 85 ఏళ్ళు దాటినవారికీ, 40 శాతం అంతకుమించి వైకల్యం ఉన్నవారికీ ఈ వీలుంది. ఎన్నికల నోటిఫికేషన్ వచ్చిన అయిదు రోజుల్లోగా ఫారం 12డి నింపి ఇవ్వాలి. ఒకసారి ఆ జాబితాలోకి ఎక్కితే బూత్‌లో ఓటు ఉండదు. అధికారులు ముందే సమయం చెప్పి, వీడియో తీసేవారితో, పోలీసుతో వచ్చారు. మంచం పక్కన స్టూలు మీద అట్టల మరుగు నిలబెట్టారు. అయిదో తరగతి చదివిన అవ్వ అద్దాలు పెట్టుకుని రెండు కాగితాలూ నిదానంగా చదువుతుంటే, తలుపు దగ్గర నిలబడ్డ మా చిన్నాన్న సలహా ఇవ్వబోయాడు. ఆ అధికారిణి ఆయన్ని వాకిట్లోకి పంపి, తలుపు దగ్గరకు వేసి వచ్చారు. ఆ మొత్తం ఏర్పాటులో నాకు అన్నిటికంటే నచ్చినది ఆ తలుపు వేయడమే. అవ్వకు మాత్రం తృప్తి లేదు. ఓటుకు పోతే నలుగురూ కనబడేవారు, ఇప్పుడు కవరు ఎవరో సంచిలో వేసుకుపోయారని నెలరోజులు చెప్పింది. నడవగలిగినంత కాలం బూత్‌కే తీసుకెళ్ళండని ఇతరులకు చెప్పడం మొదలుపెట్టాను.

మొత్తంగా ఈ సేవకు అయిదుకు మూడు ఇస్తాను. నమోదుకు, లోపలి సిబ్బంది తీరుకు, ఇంటి దగ్గరి ఓటుకు పూర్తి మార్కులు. తగ్గినవన్నీ గేటు నుంచి బల్ల దాకా ఉన్న దూరానివి. ఎన్నికలు లేని రోజుల్లోనే ఫారం 8 పని పూర్తి చేసుకోండి, పోలింగ్‌కు వారం ముందు ఎవరినైనా పంపి మీ కేంద్రం మెట్లు కొలిపించండి.

ఆ తరువాత ఏడాది జూన్‌లో మా అమ్మాయిని చేర్పించడానికి అదే పాఠశాలకు వెళ్ళాను. ఇసుక అలాగే ఉంది, మెట్లు మూడూ అలాగే ఉన్నాయి. ఆరడుగుల పలక మెట్ల కింద ఉంది, దాని మీద విరిగిన బెంచీ కాళ్ళు పేర్చి పెట్టారు. ప్రధానోపాధ్యాయులు నన్ను చూసి, ఫారాలు పట్టుకుని తామే కిందికి దిగి వచ్చారు.